తిరుగు డబ్బా

“తిరుగు డబ్బా ఉన్నాది గదే. ఒచ్చేస్తాడులే,” అన్నాడు జగ్గన్న.

పొద్దుటి నుంచి అతను ఆ మాటే అంటున్నాడు. అన్న ప్రతిసారీ కన్నమ్మ చేతిలో పని ఆగిపోతోంది.

ఎండ నడినెత్తికొచ్చింది. తెల్లవారకముందే ఎవరికీ చెప్పకుండా తెప్ప తోసుకుని ఒంటరిగా వెళ్లిన ధనరాజు ఇంకా ఒడ్డు చేరలేదు. మామూలుగా అయితే ఈపాటికి చేపలు అమ్మేసి, అన్న జగ్గన్న పక్కన కూర్చుని అంబలి తాగుతూ, వదిన కన్నమ్మతో ఏదో ఒక వేళాకోళం ఆడుతూ ఉండాలి.

అరుగు మీద మాధవి కూర్చుని ఉంది. ధనరాజు భార్య. బరంపురం గేట్ బజార్‌లో ఎండుచేపల దుకాణం వాళ్ల అమ్మాయి. పెళ్లయి ఏడాది నిండలేదు. పేటలో ఆడవాళ్లందరూ సముద్రం వైపు చూసి ఎదురుచూస్తారు. ఆమె ఫోను వైపు చూసి ఎదురుచూస్తోంది.

“బావా, ఒకసారి ఎవరినైనా పంపించండి.”

“ఎవులెల్తారమ్మా? ఊళ్ళో ఎవుడికాడా ఆయిలు నేదు. టోకెన్లు సోమారం ఇస్తారంట. ఆడికి తిరుగు డబ్బా ఉన్నాది. దూరం పోయుంటాడు, నిదానంగా ఒస్తాడు.”

“నేదు,” అంది కన్నమ్మ.

జగ్గన్న తల తిప్పాడు. “ఏటి నేదు?”

“తిరుగు డబ్బాల ఆయిలు నేదు. సగం కూడా నేదు. నానే తీసీసినాను.”

అరుగు మీద మాధవి లేచి నిలబడింది.

పేటలో ప్రతి తెప్ప మీదా ఇంజనుకు రెండు కిరసనాయిలు డబ్బాలు ఎక్కుతాయి. ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. రెండోదాని మూతికి ఎర్రగుడ్డ చుట్టి, ఇంట్లో గంగమ్మ పటం కింద పెడతారు. తెప్ప ముఖం ఒడ్డు వైపు తిరిగితే తప్ప ఆ గుడ్డ విప్పరు. ఇంట్లో దీపానికి నూనె లేకపోయినా, పొయ్యి వెలగకపోయినా ఆ డబ్బా జోలికి పోరు. కన్నమ్మ అత్తగారు ఆమెకు ఈ ఇంట్లో నేర్పిన మొదటి సంగతి అదే.

“ఏల తీసినావు?” జగ్గన్న గొంతు పెరగలేదు. అదే ఆమెను భయపెట్టింది.

“నిన్న అప్పలనర్సమ్మత్త పోనాది గదా. సావింటికి కూడు మనింటి నుంచే ఎల్లాల. గేసు నేదు. బుక్ సేసి నెల దాటినాది. అడిగితే ఏలిముద్ర పడనేదంటాడు. ఏలిముద్ర ఏసొస్తే లారీ రానేదంటాడు. పొలసర నుంచి ఆవిడ కూతురు, అల్లుడు, అంత మంది దిగినారు. రెండు డేక్సాలు వొండాల. కిరసనాయిలు పొయ్యి దింపినాను.”

“ఆయిలు కోసం తిరుగు డబ్బా విప్పినావు.”

“శవం లేచీదాకా తెప్పలు దిగవు గదా. మన పేటల ఎవులు దిగినారు ఎప్పుడైనా? సోమారం టోకెను ఆయిలు రాగానే పోసీద్దారనుకున్నాను.”

“పెరట్లో సరుగుడు పుల్లలు నేవా?”

కన్నమ్మ పెరటి వైపు చూసింది.

“అడుగుతన్నాను. పుల్లలు నేవా?”

“ఉన్నాయి.”

“తడిసిపోనాయా?”

“నేదు.”

తడిసి ఉంటే బాగుండునని ఆమె పొద్దుటి నుంచి అనుకుంటోంది. కనీసం చెప్పుకోడానికి ఉండేది. పొగ తగిలితే రాత్రంతా దగ్గాలని, తొందరగా వండి పంపిస్తే నలుగురూ మెచ్చుకుంటారని, అంతే. అంతకు మించి కారణం లేదు.

 జగ్గన్న ముఖంలో చిన్న ఆశ కనపడింది.

“ఆడికి తెల్దేటి? డబ్బా ఎత్తగానే బరువు తెలిసిపోద్ది. సగం డబ్బాతోటి దూరం ఎల్లడు ధనరాజు. ఎక్కడో దగ్గర్లోనే ఉంటాడు.”

“ఆయన ఎత్తలేదు,” అంది మాధవి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

“డబ్బా నేను మోశాను. ఆయన ఇంజను భుజాన వేసుకుని ముందు వెళ్లారు. చావింటి ముందు నుంచి వెళ్తే కనిపిస్తామని ఇళ్ల వెనక నుంచి తీసుకెళ్లారు. నేను చేపల బుట్టలో డబ్బా పెట్టుకుని, మీద తువ్వాలు కప్పి పట్టుకెళ్లాను. చీకట్లో తెప్ప ముందు భాగంలో పెట్టేశాను.”

“బరువు…”

“తేలిగ్గానే ఉంది బావా. ఇంతే ఉంటుంది కాబోలనుకున్నాను. నేనెప్పుడు మోశాను గనక?”

కన్నమ్మకు ఒక్కసారిగా కోపం వచ్చింది. తన తప్పు మీద రావాల్సిన కోపం తోడికోడలి మీదకు మళ్లింది.

“శవం ఇంట్లో ఉండగా మొగుణ్ణి సముద్రం మీదకు సాగనంపినావేటే నువ్వు? నీకు సెప్పీవోలు నేకపోనారా?”

“చెప్పారు. నేనూ వద్దన్నాను. ఇంకో నాలుగు రోజుల్లో నిషేధం, రెండు నెలలు వేట లేదు, ఈ డబ్బాల్లో ఉన్నదే ఆఖరి ఆయిలు, కోనాం చేపల గుంపు దిగింది అన్నారాయన. అన్నియ్యకీ వదినకీ చెప్పకు అన్నారు. నేను మొగుడి మాట దాచాను. మీరు డబ్బా సంగతి దాచారు. ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండక్కా.”



జగ్గన్న అప్పటికే తువ్వాలు తలకు చుట్టుకుంటున్నాడు. “కోనాం కోసమైతే దూరమే పోయుంటాడు. ఈపాటికి ఇంజను ఆగిపోయుంటాది. దచ్చినం గాలి. నీరు ఉత్తరానికి లాగతన్నాది.” గుమ్మం దిగుతూ ఆగాడు. “పొద్దున్నే సెప్పుంటే అయిపోను గదే.”

అతను తిట్టి ఉంటే కన్నమ్మ తట్టుకునేది.

*

దహనం ముగించుకుని, స్నానాలు చేసి మగవాళ్లు తడిబట్టలతో ఒడ్డున నిలబడి ఉన్నారు. పేట పెద్ద గురువులు జగ్గన్న మాట పూర్తిగా విన్నాడు. విని, తడి తువ్వాలు గట్టిగా పిండాడు.

“సావింటి ముందు తెప్ప తోసినోడి కోసం ఊరు కదలాలేటి?”

“తప్పు ఏసీ మావా. ఎంతేస్తే అంత కడతాం. ముందు నీ తెప్ప ఇయ్యి.”

“తెప్ప పట్టుకుపో. తెప్ప నీళ్లు తాగి నడుస్తాదేటి? ఆయిలేది? ఒచ్చినప్పుడు కాలిపోనాక తిరుగు డబ్బాల్లో మళ్లీ పోసీకి కూడా నేదు. పొద్దున టీవీల మంత్రిగోరు సెప్పినాడు, మన రాష్ట్రంల కొరతే నేదంట. ఎల్లి ఆయన్నడుగు ఒక డబ్బా.”

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

సముద్రం పోలీసులకు మాధవి అప్పటికే ఫోను చేసింది. పేరు, తెప్ప రంగు, బయల్దేరిన వేళ రాసుకున్నారు. ఉత్తరం వైపు స్టేషన్లన్నిటికీ చెబుతామన్నారు. తమ పడవకూ ఆయిలు కొలిచి పోస్తున్నారని, సాయంత్రం గస్తీకి వెళ్లినప్పుడు చూస్తామని అన్నారు.

“సాయంత్రమా?” అంది మాధవి. అవతల గొంతు మెత్తగానే, సాయంత్రమే అంది.

గురువులు ఇంకా ఏదో అనబోతుండగా గంగన్న ముందుకొచ్చాడు. చనిపోయిన అప్పలనర్సమ్మ కొడుకు. గుండు చేయించుకుని, తలకొరివి పెట్టి, అప్పుడే ఒడ్డుకు చేరిన మనిషి.

“నా తిరుగు డబ్బా ఇంటికాడ నిండుగున్నాది. పట్టుకెల్లండి.”

“నీకు మతుండే మాటాడతన్నావేట్రా?” అన్నాడు గురువులు. “మీ యమ్మ శవం గడప దాటకముందే ఎల్లిపోనాడాడు.”

“మా యమ్మే ఆడికి పాలిచ్చినాది. బతికుంటే ముందు నన్ను రెండు తన్ని, ఆ డబ్బా తెప్పించును. తప్పు సంగతి తర్వాత. ఆడొస్తే గదా తప్పు కట్టీది.”

జగ్గన్న అతని చెయ్యి పట్టుకోబోయాడు. మైల మనిషి కావడంతో గంగన్న వెనక్కి జరిగాడు.

ఒక డబ్బా పోవడానికి సరిపోతుంది. వెతకడానికి, తిరిగి రావడానికి చాలదు.

“బళ్లు తియ్యండ్రా,” అన్నాడు గురువులు చివరికి. “ఎవుడికి మోటారు సైకిలుంటే ఆడు బరంపురం రోడ్డు మీద పెట్రోలు పంపుకాడికి నడండి. డబ్బాల్లో పొయ్యరు గానీ బళ్లల్లో పోస్తారు గదా.”

*

పంపు దగ్గర వరుస రోడ్డు మలుపు దాకా ఉంది. గోడకు ఒడియాలో కొత్త బోర్డు వేలాడుతోంది. డబ్బాల్లో, సీసాల్లో అమ్మబడదు. బండికి ఇంతకు మించి పోయబడదు. పక్కన నీడలో ఒక కానిస్టేబులు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఒడియా బాగా మాట్లాడుతుందని మాధవిని జగ్గన్న వెంట తెచ్చాడు. ఆమె ఖాళీ డబ్బా పట్టుకుని నేరుగా పంపు కుర్రవాడి దగ్గరకు వెళ్లి సంగతంతా చెప్పింది.

“డబ్బారె హెబొ నాహిఁ,” అన్నాడతను, డబ్బాలో కుదరదని. “చేపల ఆఫీసు కాగితం ఉంటే పోస్తాం, అక్కా.”

“ఆఫీసుకి ఫోన్ చేశాం. ఆఫీసరు గారు ఛత్రపురంలో మీటింగులో ఉన్నారట.”

“మీటింగు అయ్యాక రండి.”

“మీటింగు దేనిమీదో తెలుసా? ఆయిలు కొరత మీద.”

కుర్రవాడికి నవ్వు రాలేదు. “నా ఉద్యోగం పోతుందక్కా,” అని తెలుగులో అన్నాడు. అతనూ ఆ చుట్టుపక్కల వాడే.

బళ్లు ఒక్కొక్కటే వరుస దాటాయి. నింపుకున్న ప్రతి బండీ రోడ్డు పక్క సరుగుడు తోటలోకి తిరిగింది. అక్కడ ట్యాంకులో రబ్బరు గొట్టం పెట్టి, నోటితో లాగి, డబ్బాలోకి దింపారు. కిరసనాయిలు ఇంజనే అయినా పెట్రోలు పోస్తే కాదనదు. ఎక్కువ తాగుతుంది, అంతే. రెండో బండికి గొట్టం మాధవే అందుకుంది. నోట్లోకి వచ్చిన పెట్రోలు ఉమ్మేసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ లాగింది.

“నువ్వొద్దమ్మా,” అన్నాడు జగ్గన్న.

“తేలిగ్గా ఉందని తెలిసీ అడగలేదు బావా నేను. ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.”

డబ్బా సగానికి పైగా నిండింది. మళ్లీ వరుసలో నిలబడ్డారు. ఈసారి వెనక ఉన్న ఆటో డ్రైవరు వాళ్లను గుర్తుపట్టాడు.

“ఏం తల్లీ, ట్యాంకుకి చిల్లు పడిందా? ఇందాకే గదా పోయించుకున్నారు.”

“మా ఆయన సముద్రంలో చిక్కుకుపోయాడన్నా.”

“మా ఆవిడ ఆస్పత్రిలో ఉంది. ఇంటికి తేవాలి. పొద్దున కాఫీ కూడా తాగకుండా నిలబడ్డాను. ఇక్కడెవరి సొద వాళ్లకుంది.” అతను అరవలేదు. అలసటగా అన్నాడు. కానీ వరుసలో ఇంకొకరు అరిచారు. తర్వాత అందరూ అరిచారు. ఒక ముసలాయన చేతికర్రతో బండిని తోశాడు.

కానిస్టేబులు కుర్చీలోంచి లేచాడు. రెండోసారి వచ్చిన బళ్లన్నిటినీ బయటకు పంపించేశాడు.

మాధవి వెళ్తూ వెళ్తూ ఆటో వైపు చూసింది. అతనూ చూశాడు. ఇద్దరిలో ఎవరికీ కోపం లేదు. ఉంటే కొంచెం సుఖంగా ఉండేది.

*

గురువులు తెప్పను నీళ్ల అంచుకు లాగారు. పెట్రోల్లో ఇంజనాయిలు కలిపి, గుడ్డతో వడకట్టి పోశారు. గంగన్న డబ్బా ముందు, పెట్రోలు డబ్బా వెనక.

“నానొస్తాను,” అన్నాడు గురువులు కొడుకు.

“వొద్దు. మనిసి బరువుకి ఇంజను ఇంకా తాగతాది. ఒక్కణ్ణే ఎల్తాను,” అన్నాడు జగ్గన్న.

గురువులు దగ్గరకొచ్చి చెవిలో చెప్పినట్టు చెప్పాడు, కానీ అందరికీ వినపడింది. “ఒరే జగ్గా. గంగన్న డబ్బా అయిపోగానే తిప్పీయాల. ఆడు కనపడినా, కనపడకపోయినా. పెద్దోణ్ణి సెప్తన్నాను. నాకు మాటియ్యి.”

జగ్గన్న తల ఊపబోయాడు.

కన్నమ్మ అక్కడే నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. నీళ్ల బిందెతో ఎదురొచ్చిన ఆడవాళ్లు కూడా పక్కకు తప్పుకున్నారు. ఎదురుగా మాధవి. పెదాలు పెట్రోలుకు పొక్కి ఉన్నాయి. ఆ పిల్ల కన్నమ్మ వైపే చూస్తోంది.

“తిప్పకు,” అంది కన్నమ్మ.

అందరూ ఆమె వైపు చూశారు.

“ఆడు దొరికీదాకా తిప్పకు. ఆడు నేకుండా నువ్వొక్కడివీ ఒస్తే ఈ మాధవి గుంట ముకం నానెలగ సూడాల? మరి గడప తొక్కకు.”

అల వచ్చి జగ్గన్న మోకాళ్లను కొట్టి వెనక్కి పోయింది. అతను భార్య వైపు చూశాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె అతన్ని ఎన్నోసార్లు సాగనంపింది. జాగ్రత్త అనని రోజు లేదు.

“అలగే,” అన్నాడు.

గురువులుకు మాట ఇవ్వకుండానే తెప్ప ఎక్కాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది.

తెప్ప అలల గీత దాటిన తర్వాత మాధవి వచ్చి కన్నమ్మ పక్కన నిలబడింది.

“అలా ఎందుకన్నారక్కా?”

“నీ కోసమే.”

“నేను అడగలేదు కదా.”

  మాధవి చెప్పింది నిజం. ఆ పిల్ల అడగలేదు. నలుగురిలో తన తప్పు తేలిక చేసుకోడానికి తను మొగుడి మీద బరువు పెట్టింది. ఆ సంగతి మాట నోట్లోంచి బయటపడిన క్షణంలోనే కన్నమ్మకు తెలిసిపోయింది. పిలిచి వెనక్కి తీసుకోడానికి ఇంజను చప్పుడు ఒప్పుకోలేదు.

*

పొద్దు వాలింది. ఒడ్డున నీడలు నీళ్లదాకా సాగాయి. ఇద్దరూ అక్కడే ఇసుకలో కూర్చున్నారు. గంగన్న ఇంటి నుంచి ఎవరో గిన్నెలో అన్నం పంపించారు. నిన్న కన్నమ్మ వండి పంపిన గిన్నే అది. ఇద్దరూ ముట్టలేదు.

“అక్కా.”

“ఊఁ.”

“నిన్న మీరు కూర చాలా బాగా వండారని పొలసర వాళ్లు అన్నారు. మీకు చెప్పడం మర్చిపోయాను.”

కన్నమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. మాధవి దగ్గరకు జరిగి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

అప్పుడు ఫోను మోగింది. తెలియని నంబరు.

“హలో? కియే… ఎవరు?”

“నానేనే.”

 “ఏమండీ! ఎక్కడున్నారు?”

“రుషికుల్య మొగలో, ఏరు సముద్రంల కలిసేకాడ. టీ బడ్డీ ఆయన ఫోను. నాది తడిసిపోనాది. ఏడవకు, బాగానే ఉన్నాను. పొద్దున్నే ఇంజను ఆగిపోనాది. వల మీద కప్పే పరదా తెడ్డుకి కట్టి గాలికి వొదిలీసినాను. గాలి మంచిదే, తిన్నగా తెచ్చి ఇక్కడ పడేసినాది. తెప్పకేటీ కానేదు.”

చుట్టూ జనం చేరారు. ఎవరో గట్టిగా ఈల వేశారు. గంగన్న రెండు చేతులూ ఎత్తి సముద్రానికి దండం పెట్టాడు.

“అది సరే గానీ, తిరుగు డబ్బాల ఆయిలేటి అంత తక్కువున్నాది?” ధనరాజు గొంతులో నవ్వు వినపడుతోంది. “మూత విప్పి సూసి బిత్తరపోనాను. ఎవులు తీసినారో గానీ అన్నియ్యకి తెలీనియ్యకు. కంగారుపడి బయలెల్లిపోతాడు. డబ్బా నిండుగుందనుకుంటే నిమ్మళంగా ఇంటికాడ కూకుంటాడు.”



పక్కన గురువులు అప్పటికే తన ఫోన్లో జగ్గన్న నంబరు కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అందుబాటులో లేదని ఒడియాలో ఒక ఆడగొంతు మర్యాదగా చెబుతోంది. మళ్లీ కొట్టాడు. అదే గొంతు. కొడుకు వైపు తిరిగి, “ఇంకో తెప్పకి ఆయిలెంతున్నాది?” అన్నాడు. కొడుకు తల అడ్డంగా ఊపాడు. పేటలో ఉన్న ప్రతి చుక్కా జగ్గన్న వెంటే వెళ్లింది.

“ఏటే, మాటాడవు?” అంటున్నాడు ధనరాజు. “వదినుందా అక్కడ? వదినకియ్యి.”

మాధవి ఫోను చాపింది. కన్నమ్మ రెండు చేతులతో అందుకుంది.

“వదినా! నీ సేతి కూడు తిని ఒక రోజయిపోనాది. రేపు ఒచ్చీసరికి సేపల పులుసెట్టు. అన్నియ్య ఏడి? ఒకసారి అన్నియ్యకియ్యి, రెండు తిట్లు తినీసి పడుకుంటాను.”

కన్నమ్మ సముద్రం వైపు చూసింది. ఎక్కడా తెప్ప లేదు.

“నీ కోసమే ఎల్లినాడు బాబూ,” అంది. “తిరిగి రావొద్దని నానే సెప్పినాను.”